ఆ ఒక్క తూటానూ లెక్కలోంచి తీసేయకండి

"అన్నా, ఆ ఒక్కటీ వదిలెయ్. మిగతా నాలుగూ చూడు."

ఖమ్మం నుంచి వచ్చిన కుర్రాడు, నాకు తమ్ముడిలాంటివాడు. పాతిక గజాల దూరం నుంచి తెచ్చిన టార్గెట్ కాగితాన్ని నా ముందు పరిచాడు. నాలుగు చిల్లులు పది రూపాయల బిళ్ళ కింద దాగేంత దగ్గరగా ఉన్నాయి. ఐదోది వాటికి రెండంగుళాల కింద, కాస్త ఎడమకి. వారం రోజులు రాత్రిళ్ళు గరాజ్‌లో కూర్చుని తన చేత్తో తయారు చేసుకున్న తూటాలవి. వాడి సంతోషం ముఖంలోనే తెలుస్తోంది. ఫోటో తీసేముందు కాగితాన్ని ఐదో చిల్లు కనపడకుండా వెనక్కి మడిచాడు.

ఆ రోజు నేనేమీ అనలేదు. ఆ మడత మాత్రం నా మనసులోంచి పోలేదు. ఎందుకంటే అలాంటి మడతలు నేనూ పెట్టాను, వాటి ఖరీదు ఏమిటో నాకు తెలుసు. వాడికి ఆ రోజు చెప్పలేనిదంతా ఇక్కడ రాస్తున్నాను.

విషయం కొత్తవాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. మేముండేది నార్త్ కరోలినాలో. ఊరు దాటి పైన్ చెట్ల మధ్యకు వెళ్తే తుపాకీ సాధన చేసే రేంజ్. హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదన్నది ఇక్కడి ఫెడరల్ చట్టం. వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులు ఉన్నాయి. నేను గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆ జోలికి పోలేదు, ఎవరినీ పోవద్దనే చెప్తాను. మన దేశంలోనైతే తూటాలు తయారు చెయ్యడానికి 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి, కాబట్టి ఇంట్లో కూర్చుని చేసే సరదా కాదు. ఇక్కడ మాత్రం అది పాత అలవాటు. పేలిన ఇత్తడి కేసుని పారెయ్యకుండా ఏరుకుని, శుభ్రం చేసి, మళ్ళీ అసలు కొలతకి నొక్కి, కొత్త ప్రైమర్ (దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే చిన్న బిళ్ళ) పెట్టి, తుపాకీ మందు తూచి పోసి, పైన బుల్లెట్, అంటే బయటికి దూసుకెళ్ళే గుండు, కూర్చోబెడతారు. తూటాలో ఉండేవి ఆ నాలుగే: కేసు, ప్రైమర్, మందు, బుల్లెట్. కేసు మళ్ళీ మళ్ళీ పనికొస్తుంది, మిగతా మూడూ కొత్తగా కొనాలి.

మందుని తూచే కొలత గ్రెయిన్. పౌనుకి 7000 గ్రెయిన్లు. అంటే ఒకటి 65 మిల్లీగ్రాముల దగ్గర. ఆ మాటకు అర్థం గింజే. మొదటిసారి విన్నప్పుడు నాకు మా ఊరి కంసాలి త్రాసు గుర్తొచ్చింది. ఆయన బంగారాన్ని గురివింద గింజలతో తూచేవాడు. ఒక గురివింద దాదాపు రెండు గ్రెయిన్లకు కాస్త తక్కువ. 9 ఎం.ఎం. పిస్టల్ తూటాలో పడే మందు మొత్తం గుప్పెడు కూడా కాదు, కొద్ది గురివిందల ఎత్తు. కంసాలి కొట్లో త్రాసు ఊగడం ఆగేదాకా ఎవరూ మాట్లాడకూడదు. నా గరాజ్‌లోనూ అదే నియమం పెట్టాను. మందు పోసేటప్పుడు ఫోను ఇంట్లోనే ఉంటుంది. ఒక కేసులో రెండుసార్లు మందు పడితే తుపాకీ పగిలిపోవచ్చు, అసలు పడకపోతే బుల్లెట్ బారెల్ మధ్యలో ఇరుక్కుపోతుంది, దాని వెనక ఇంకోటి పేలిస్తే ప్రమాదం. ఎంత మందు పొయ్యాలో ఇక్కడ నేను రాయను. అచ్చువేసిన లోడింగ్ పుస్తకంలో మీ బుల్లెట్‌కి, మీ మందుకి ఏముందో చూసి, కింది అంకె దగ్గర మొదలుపెట్టాలి తప్ప పక్కవాడి మాట మీద వెళ్ళకూడదు.

ఇంత శ్రమ ఎందుకంటే కొంత ఖర్చు కలిసొస్తుందని. అసలు ఆకర్షణ వేరు. నా పిస్టల్‌కి ఏది నచ్చుతుందో కనిపెట్టి, దానికి సరిపోయే తూటాని నేనే చెయ్యగలను అన్న నమ్మకం. ఆ నమ్మకాన్ని రేంజ్ మీదే పరీక్షించుకోవాలి. తప్పు జరిగేది సరిగ్గా అక్కడే.

ఇప్పుడు నా సంగతి. అమెరికా రాకముందు ఆరేళ్ళు జీడిమెట్లలో మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో పనిచేశాను. బ్యాచ్‌లోంచి మాత్రలు తీసి పరీక్ష చేస్తాం. ఆరు మాత్రల్లో ఐదు బాగానే వచ్చి ఒకటి హద్దు దాటితే దాన్ని ఓ.ఓ.ఎస్., అంటే అవుట్ ఆఫ్ స్పెసిఫికేషన్, అంటారు. ఫార్మాలో పనిచేసిన ప్రతివాడికీ ఆ మూడక్షరాలు వింటే కడుపులో తిప్పుతుంది. ఆ ఒక్క రిజల్టునీ చింపేసి మళ్ళీ పరీక్ష చెయ్యడం, బాగా వచ్చినవాటితో కలిపి సగటు తీసి దాచెయ్యడం కుదరదు. 1993లో న్యూజెర్సీ ఫెడరల్ కోర్టులో బార్ లేబొరేటరీస్ అనే మందుల కంపెనీ కేసులో జడ్జి ఆల్ఫ్రెడ్ వోలిన్ ఇచ్చిన తీర్పుతో ఈ సంగతి ప్రపంచమంతటా ల్యాబులకు తలకెక్కింది. పాసయ్యేదాకా పరీక్షిస్తూ పోవడం పరీక్ష కాదు. 2006లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. ఇచ్చిన మార్గదర్శకం కూడా అదే దారిలో ఉంటుంది: ల్యాబులో ఫలానా పొరపాటు జరిగిందని చూపించగలిగితేనే ఆ రిజల్టుని పక్కనపెట్టాలి, లేకపోతే అది బ్యాచ్ గురించి నిజమే చెబుతోందని ఒప్పుకోవాలి.

ఆరేళ్ళు ఆ శిక్షణలో పెరిగినవాణ్ణి, రేంజ్‌లో అడుగుపెట్టగానే అదంతా గేటు దగ్గర వదిలేశాను. అక్కడ అందరూ ఒక మాట వాడతారు: ఫ్లయర్. ఎగిరిపోయింది అని. ఐదులో నాలుగు దగ్గరగా పడి ఒకటి దూరంగా పోతే అది ఫ్లయర్, దాన్ని వదిలేసి మిగతా నాలుగిటినీ కొలుస్తారు. "ఒక్కటి ఎగిరింది, అది లేకపోతే ముప్పావు అంగుళం" అంటారు. ఎందుకు ఎగిరిందంటే జవాబుండదు. అలా చెప్పే మాటకి జీడిమెట్లలో మా సార్ అయితే రిజిస్టరు నా ముందు పడేసి, "కారణం రాసి తీసుకురా" అనేవారు.

మూడేళ్ళ కిందట ఒక సాయంత్రం మందు, బుల్లెట్ కొలతలు మార్చి చేసిన కొత్త లోడ్‌తో ఐదు తూటాలు కాల్చాను. అంగుళం పావులో పడ్డాయి. నాకది అప్పటిదాకా వచ్చినవాటిలో అత్యుత్తమం. ఆ కాగితాన్ని పర్సులో పెట్టుకున్నాను. ఇదే నా తూటా అని తేల్చేసి, అదే కొలతతో 500 చేశాను. అప్పుడు ఇక్కడ ప్రైమర్లకు ఇంకా కరువే. కోవిడ్ మొదలయ్యాక రెండేళ్ళపాటు దుకాణాల్లో దొరకలేదు, దొరికినా మనిషికో పెట్టె అనేవారు. దాచుకున్న ప్రైమర్లన్నీ ఆ నమ్మకం మీద ఖర్చుపెట్టేశాను. తర్వాత నెలలో అదే పిస్టల్‌తో, అదే ఆనికతో ఎనిమిది గ్రూపులు, అంటే చిల్లుల గుంపులు, కాల్చితే సగటు 2.6 అంగుళాలు వచ్చింది. పిస్టల్ పాడైందనుకున్నాను. స్ప్రింగు మార్చాను. ఎండ అనుకున్నాను, కళ్ళజోడు అనుకున్నాను. నిజానికి ఏదీ పాడవ్వలేదు. ఆ తూటా మొదటినుంచీ రెండున్నర అంగుళాల తూటానే. ఆ సాయంత్రం దానికి అదృష్టం కలిసొచ్చింది, నేను దాన్ని గుణం అనుకున్నాను.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పక తప్పదు, ఎందుకంటే నా వాదన అంతా దీని మీదే నిలబడింది.

గ్రూపు అంటే కాగితం మీద ఒకదానికొకటి అన్నిటికన్నా దూరంగా ఉన్న రెండు చిల్లుల మధ్య దూరం. అదే పిస్టల్, అదే తూటా, చెదరడం ఏమీ మారలేదు అనుకుందాం. మూడేసి కాలిస్తే గ్రూపు సగటున 2.4 అంగుళాలు వస్తే, ఐదేసి కాలిస్తే 3.1, పదేసి కాలిస్తే 3.8 వస్తుంది. తూటాల సంఖ్య పెరిగేకొద్దీ గ్రూపు పెరగాల్సిందే. అందుకే మూడు తూటాల గ్రూపు ఎప్పుడూ మంచి పేరు తెస్తుంది. అంతకన్నా ముఖ్యమైంది ఇంకోటుంది. ఐదు తూటాల గ్రూపు దాని సగటు చుట్టూ పాతిక శాతం పైన అటూ ఇటూ ఊగుతుంది, ఏ తప్పూ లేకుండానే.

దాని అర్థం నా కంప్యూటర్ మీద చేసి చూసినప్పుడు నాకు చెమటలు పట్టాయి. మనం ఏం చేస్తాం? మందు పదో వంతు గ్రెయిన్ చొప్పున పెంచుతూ ఐదు రకాలు చేసి, ఒక్కో రకానికి ఐదేసి కాల్చి, అన్నిటికన్నా చిన్న గ్రూపు వచ్చినదాన్ని ఎంచుకుంటాం. ఇప్పుడా ఐదు రకాలూ అచ్చంగా ఒకటే అనుకోండి, ఒకే పెట్టెలోవి. అయినా వాటిలో అధ్వాన్నమైన గ్రూపు అత్యుత్తమమైన గ్రూపుకి సగటున దాదాపు రెండింతలు ఉంటుంది! తేడా లేనిచోట రెండింతల తేడా కనపడుతుంది. శనివారం పొద్దున్నంతా ఎండలో నిలబడి, ఇంటికొచ్చి నోటుపుస్తకంలో "4వ రకం అద్భుతం" అని రాసుకుంటాం. మనం ఎన్నుకున్నది చీట్లు తీసినట్టు ఎన్నుకున్నదే.

ఫ్లయర్ని తీసేస్తే ఇది ఇంకా చెడుతుంది. గ్రూపుని కొలిచేది చివరనున్న రెండు చిల్లులే, మధ్యవాటికి అందులో మాట లేదు. ఆ చివరి రెండిట్లో ఒకదాన్ని తీసేస్తే ఆ కాగితం మనకు చెప్పబోయిన ముఖ్యమైన సంగతినే తీసేసినట్టు. చేతి తూటాలో అసలు దోషం ఎలా కనపడుతుంది? ప్రతి గుండూ అంగుళం పక్కకి పోవడంగా కనపడదు. ఇరవైలో ఒకటి, పదిహేనులో ఒకటి ఎగిరిపోవడంగానే కనపడుతుంది. ఒక కేసు గోడ పలచగా ఉండి బుల్లెట్‌ని సరిగా పట్టుకోకపోవచ్చు, క్రింప్ (కేసు మూతిని బుల్లెట్ చుట్టూ నొక్కడం) ఎక్కువై మెత్తటి సీసం బుల్లెట్ నలిగి సన్నబడొచ్చు, కూర్చోబెట్టేటప్పుడు ఓరగా దిగి ఉండొచ్చు. ఇవన్నీ అప్పుడప్పుడూ వచ్చే జబ్బులు. అప్పుడప్పుడూ కనిపించే లక్షణాన్ని చూడననే వైద్యుడి దగ్గరికి మనం వెళ్తామా?

దీనికి ఒక గట్టి ఎదురు వాదన ఉంది. తప్పు తూటాది కాదు, నాది, నా చేతి తప్పుని తూటా మీద ఎందుకు రుద్దాలి అంటారు. నిజమే, పిస్టల్‌తో ఇది చిన్న విషయం కాదు. మామూలు సర్వీస్ పిస్టల్‌లో గురి చూసే గుర్తుల్లో ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం దాదాపు 165 మిల్లీమీటర్లు. ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే పాతిక గజాల దగ్గర గుండు 14 సెంటీమీటర్లు, అంటే ఐదున్నర అంగుళాలు పక్కన పడుతుంది. వెంట్రుక మందం తేడాకే ఒక సెంటీమీటరు పైన. కుడిచేతి వాడు ట్రిగ్గర్ని గుంజితే గుండు కిందికి, ఎడమకి పోతుందని ప్రతి రేంజ్‌లోనూ చెప్తారు. మా వాడి ఐదో చిల్లు ఉన్నది అక్కడే. కాబట్టి అది వాడి వేలి తప్పే అయ్యుండొచ్చు.

అయ్యుండొచ్చు. కాదని కూడా అయ్యుండొచ్చు. చిల్లు చూశాక చెప్పే కారణానికి విలువ లేదు, చూడకముందు చెప్పినదానికే ఉంది. పాత బుల్స్‌ఐ షూటర్లకు ఒక మంచి అలవాటుంది. ట్రిగ్గర్ పడిన క్షణంలో ముందు సైటు ఎక్కడుందో గుర్తుపట్టి, టార్గెట్ని దగ్గరగా చూపించే స్కోపులో చూడకముందే పైకి చెప్పేస్తారు: "ఏడు గంటల వైపు, ఎనిమిది రింగు" అని. దాన్నే కాల్ చెయ్యడం అంటారు. చూడకముందు కాల్ చేసి, చిల్లు అక్కడే పడితే అది చేతిదే. ల్యాబు భాషలో పొరపాటుకి ఆధారం దొరికినట్టు. కాల్ బాగుండి చిల్లు చెడిపోతే అది తూటాది గానీ పిస్టల్‌ది గానీ. ఈ తేడా రాసిపెట్టుకునేవాణ్ణి నేను నమ్ముతాను. కాగితం చూశాక "ఆ, అది నేను గుంజాను" అనేవాణ్ణి నమ్మను, అది నేనైనా సరే. గురివింద తన కింది నలుపు ఎరగదని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. చేతి తప్పు తూటా మీదికి, తూటా తప్పు చేతి మీదికి, ఏది సుఖంగా ఉంటే అటు తోసేస్తాం.

మనిషిని లెక్కలోంచి తీసెయ్యాలంటే మనిషినే తియ్యాలి, చిల్లుని కాదు. అందుకే రాన్సమ్ రెస్ట్ లాంటి బిగింపు యంత్రాలున్నాయి. పిస్టల్ పిడిని అందులో బిగించి, మీట నొక్కితే పేలుతుంది, మళ్ళీ అదే చోటికి దించుకోవచ్చు. మా రేంజ్‌లో ఒక పెద్దాయన దగ్గర ఒకటుంది. చాలా మందికి అది దొరకదు, అక్కర్లేదు కూడా. ఇసుక సంచుల మీద మణికట్టు ఆనించి, ఓపిగ్గా కాలిస్తే చాలు. కాకపోతే ఎక్కువ కాల్చాలి. అమెరికన్ రైఫిల్‌మన్ పత్రిక పిస్టళ్ళని పరీక్షించేటప్పుడు పాతిక గజాల మీద వరసగా ఐదు ఐదు-తూటాల గ్రూపులు కాల్చి సగటు ఇస్తుంది. వరసగా అన్న మాటలోనే దాని నిజాయితీ ఉంది, ఎంచుకున్నవి కావు.

నేనిప్పుడు ఒక్కో రకానికి 30 కాలుస్తాను. గ్రూపు కొలవను. చిల్లులన్నిటికీ మధ్య బిందువు లెక్కగట్టి, దానినుంచి ఒక్కో చిల్లు ఎంత దూరమో కొలిచి సగటు తీస్తాను. ప్రతి తూటాకీ అందులో ఓటు ఉంటుంది, ఏ ఒక్కటీ మొత్తాన్ని తలకిందులు చెయ్యదు. ఫ్లయర్ని తీసెయ్యాలన్న ఆశ కూడా దాంతో చాలావరకు చల్లారుతుంది. 30 కాలిస్తే ఆ సగటు పది శాతం అటూ ఇటూగా నమ్మదగ్గది అవుతుంది. రెండు రకాలని పోల్చాలంటే మొదట ఒకటి 30, తర్వాత ఇంకోటి 30 కాల్చకూడదు. రెండోదాని వంతు వచ్చేసరికి చెయ్యి అలిసిపోతుంది, ఎండ మారుతుంది. ఐదేసి చొప్పున మార్చి మార్చి కాల్చాలి.

ఏది ఏదో నాకు తెలియకూడదు కూడా. ఈ పని మా ఆవిడ చేస్తుంది. రెండు రకాల తూటాల పెట్టెల మీద నీలం, పసుపు చుక్కలు అంటించి, ఏది ఏదో తన దగ్గర కాగితం మీద రాసుకుంటుంది. బుల్లెట్ రంగు ఒకటే అయ్యేలా నేను చూసుకుంటాను. అలా చేసిన మొదటిసారి, నేనెంతో గొప్పగా చెప్పుకున్న లోడ్‌కీ దుకాణంలో దొరికే మామూలు తూటాకీ నా చేతిలో తేడా కనిపించలేదు. బిగింపు యంత్రం మీద మాత్రం కనిపించింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, నిజంగానే బాధపడ్డాను. పదోవంతు గ్రెయిన్ కోసం గడిపిన సాయంత్రాలన్నీ నా ట్రిగ్గర్ వేలి మీద ఖర్చుపెట్టి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

గుండు వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ గురించి కూడా ఒక మాట. ఇప్పుడు అరచేతిలో పట్టే రాడార్ పెట్టెలొచ్చాయి, ప్రతి గుండు వేగమూ చెప్పేస్తాయి. దాంతో అందరూ వేగాల తేడా మీద పడ్డారు. భద్రత కోసం వేగం చూడటం చాలా మంచిది, తూటాలో ఏదో తేడా చేస్తే అక్కడ తెలుస్తుంది. గురి కోసం మాత్రం పాతిక గజాల దగ్గర అది లెక్కలోకి రాదు. సెకనుకి 1100 అడుగులు వెళ్ళే గుండు ఆ దూరంలో జారేది ఒక అంగుళం లోపే. వేగం 20 అడుగులు మారితే ఆ జారుడులో మార్పు ఒక మిల్లీమీటరుకి లోపే. బారెల్లోంచి బయటపడేలోగా పిస్టల్ పైకి లేవడం వల్ల వచ్చే తేడా వేరే ఉంది. నెమ్మదైన బరువు గుండు పైన పడేది అందుకే. దాన్ని క్రోనోగ్రాఫ్ చూపించదు, కాగితమే చూపిస్తుంది.

ఇంత తూటా ఎవరు కాలుస్తారు, ఖర్చు ఎవరు భరిస్తారు అని తమ్ముళ్ళు అడుగుతారు. నా 500 తూటాలని గుర్తుచేస్తాను. 60 కాల్చి తేల్చుకోవాల్సింది 500 తగలేసి తేల్చుకున్నాను. ఇక ప్రైమర్ కేసు అంచులోనే ఉండే .22 చిన్న తూటా వాడేవాళ్ళని చూడండి. ఆ రిమ్‌ఫైర్ తూటాని ఇంట్లో మళ్ళీ నింపుకోలేరు, కొనాల్సిందే. ఒలింపిక్ స్థాయి వాళ్ళు ఎలీ లాంటి తూటా కంపెనీల టెస్ట్ రేంజ్‌లకి తమ తుపాకీనే తీసుకెళ్ళి, బిగించి, ఒక్కో లాట్ (ఒకే విడతలో తయారైన తూటాలు) నుంచి వరసగా కాల్చి, నచ్చిన లాట్ ఏదో తేల్చుకుని అప్పుడు వేలల్లో కొంటారు. 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ వెండి పతకం తెచ్చిన 25 మీటర్ల పిస్టల్ పోటీ ఆ .22 తోనే ఆడతారు. ఆ స్థాయిలో ఎవరూ ఒక్క కాగితం చూసి డబ్బు కట్టరు.

పోటీలోనైతే మడతకి చోటే లేదు. ఒహాయోలో క్యాంప్ పెర్రీ మైదానంలో 1907 నుంచి జాతీయ పోటీలు జరుగుతున్నాయి. అక్కడ 50 గజాల టార్గెట్ మీద పది రింగు వెడల్పు 3.36 అంగుళాలు. ఒంటిచేత్తో నిలబడి పది కాలుస్తారు. పదీ లెక్కలోకి వస్తాయి. తొమ్మిది చూడండి సార్ అంటే స్కోరు రాసేవాళ్ళు వినరు.

మొన్న శనివారం ఆ ఖమ్మం తమ్ముడిని మా ఇంటికి పిలిచి ఇదంతా చెప్పాను. మొదట కొంచెం నొచ్చుకున్నాడు. తర్వాత వాడే పర్సులోంచి ఆ కాగితం తీసి మడత విప్పాడు. ఆదివారం ఇద్దరం రేంజ్‌కి వెళ్ళాం. వాడి తూటాలు 30, మా ఆవిడ చుక్కలు పెట్టిన పెట్టెలో. ప్రతిదానికీ స్కోపులో చూడకముందు వాడు కాల్ చెప్పాడు, నేను రాశాను. పదిహేడోదానికి "నడి మధ్య" అన్నాడు. చూస్తే రెండంగుళాల కింద, ఎడమకి పడింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. వాడేమీ అనలేదు. ఆ పదిహేడో కేసుని వేరుగా తీసి జేబులో వేసుకున్నాడు. ఇంటికెళ్ళి దాని మూతి దగ్గర గోడ మందం మైక్రోమీటరుతో కొలుస్తానన్నాడు.